జీడితోటలో నీటి తొట్టి, ఎర్రమట్టి మీద అడుగులు

మార్చి 24

భీమిలికి పడమరగా, సముద్రానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో మా మామయ్యగారికి నాలుగెకరాల జీడితోట ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రమే అక్కడికి వెళ్ళగలిగే నేను, ఈ వేసవిలో ఆ తోటలో ఒక నీటి తొట్టి అమర్చి, దాని ఎదుట, జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే ట్రైల్ కెమెరా నిలిపి, మనుషులు లేని వేళల్లో అక్కడికి ఏయే జంతువులు వస్తున్నాయో ఫొటోల్లో నమోదు చేయాలని నిశ్చయించుకున్నాను. పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పిందో మరచిపోకుండా ఉండడానికి ఈ డైరీ రాస్తున్నాను.

ఈ ఆలోచన ఎడారి నుంచి తెచ్చుకున్నది. రెండేళ్ళ క్రితం జైసల్మేరు వైపు వెళ్ళినప్పుడు, ఊరి బయట పశువుల కోసం కట్టిన ఒక సిమెంటు తొట్టికి కొంత దూరంలో సాయంత్రం గంటసేపు కూర్చున్నాను. కనుచూపు మేరలో మరో నీటి చుక్క లేకపోవడం వల్ల ఆ గంటలోనే పక్షులు గుంపులుగా దిగి తాగి ఎగిరిపోయాయి. చీకటి పడుతుండగా ఒక నక్క వచ్చి మూతి ముంచి వెళ్ళింది. ఎడారిలో ఫొటోలు తీసేవారు జంతువు వెంట తిరగకుండా నీటి దగ్గర కాచుకోవడానికి కారణం అక్కడ నాకు అర్థమైంది. అమెరికా నైరుతి ఎడారుల్లో 1940ల నుంచే, వాననీటిని వాలుగా వేసిన గచ్చు మీద పట్టి నేలలోని తొట్టికి మళ్ళించే ఏర్పాట్లను వన్యప్రాణుల కోసమే కడుతూ వచ్చారు. అయితే ఎడారి జీవులన్నీ నీటి కోసం పరుగెత్తుకు వస్తాయని అనుకోవడం పొరపాటు. థార్ ఎడారిలోని చింకారా అనే చిన్న జింక తాను మేసే ఆకుల తేమతోనే చాలా రోజులు గడపగలదు. తొట్టి దగ్గర కనిపించని జంతువు ఆ చుట్టుపక్కల లేదని చెప్పడానికి వీల్లేదన్న సంగతి నేను మొదటి నుంచీ గుర్తుంచుకోవలసి ఉంది.

విశాఖ ఎడారి కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడే తీరం. కానీ మా తోటది భీమిలి తీరంలోని ఎర్రమట్టి దిబ్బల తీరులోని ఇసుక నేల, పడిన నీటిని పడినట్టే మింగేస్తుంది. మార్చి చివరికి తోట పక్కన ఉన్న గెడ్డ, అంటే చిన్న వాగు, ఎండిపోతుంది, ఏప్రిల్ దాటేసరికి ఊరి చెరువు అడుగంటుతుంది. గెడ్డ ఎండినప్పటి నుంచి జూన్‌లో ఋతుపవనాలు వచ్చేదాకా ఉన్న ఆ రెండున్నర నెలలే నాకు దొరికిన ఎడారి.

దిబ్బల్లోనో, 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న కంబాలకొండ అభయారణ్యంలోనో కెమెరా కట్టవచ్చు కదా అని ఆఫీసులో ఒకరు అడిగారు. దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం. అభయారణ్యానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా అక్కడ ఏ పరికరమూ పెట్టకూడదు. సొంత పట్టా భూమిలో, సొంత నీటితో చేసుకునే పనికి ఆ చిక్కులు లేవు. జీడిపిక్కల ఏరివేత ఇంకా సాగుతున్నందువల్ల తోటలో పగలంతా మనుషుల అలికిడి ఉంటుంది గానీ, నేలరాలిన జీడిపండ్ల వాసనకు రాత్రిళ్ళు నక్కలు, మానుపిళ్ళు వస్తాయని తోటకు కాపలా ఉండే తాత చెప్పాడు. ఇవాళ సాయంత్రమే తొట్టికి పూత వేసి వచ్చాను.

మార్చి 31

తొట్టి రూపం గురించి కెమెరా గురించి కంటే ఎక్కువసేపు ఆలోచించాను. నిలువు గోడలున్న ప్లాస్టిక్ టబ్బు పెడితే ఉడుతలు, తొండలు, తేనెటీగలు అందులో పడి బయటకు రాలేక చనిపోతాయి. మట్టి మూకుడులో నీరు చల్లగా ఉంటుంది గానీ, ముళ్ళపంది ఒకసారి అంచు మీద బరువు వేస్తే పగులుతుంది. అందుకని పోయిన ఆదివారం తడి ఎర్రమట్టిని బోర్లించిన మూకుడులా కుప్పగా దిద్ది, దాని మీద ప్లాస్టిక్ పట్టా పరచి, సన్నని ఇనుప జాలీతో పాటు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక కలిపిన మాలు మెత్తాను. వారమంతా తాత గోనెపట్టా కప్పి తడిపాడు. ఈరోజు ఇద్దరం కలిసి తిరగేస్తే, 75 సెంటీమీటర్ల వెడల్పుతో, నడుమ 10 సెంటీమీటర్ల లోతుతో, అంచు నుంచి మెల్లగా దిగే వాలుతో తొట్టి చక్కగా వచ్చింది. అంచుదాకా పోస్తే ఇరవై లీటర్ల పైన పడుతుంది. లోపల రెండు గరుకు రాళ్ళు నీటికి పైన తేలేలా పెట్టాను. పిట్టలకు, తేనెటీగలకు అవే రేవులు.

కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది కనుక, ఈ వారం రోజులూ ఉదయం నింపి మరునాడు పారబోయమన్నాను. వచ్చే ఆదివారం దాకా కెమెరా పెట్టను.

ఏప్రిల్ 7

కెమెరా అమరిక పూర్తయింది. తొట్టి ఊరి కాలిబాటకు ముప్ఫై మీటర్ల దూరంలో, ఒక పెద్ద జీడిచెట్టు నీడ అంచున ఉంది. దానికి మూడున్నర మీటర్ల ఎడంగా, నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున కెమెరాను చెట్టు మొదలుకు పట్టీతో బిగించాను. నడుము ఎత్తున కడితే మనకు సౌకర్యంగా ఉంటుంది గానీ, ముంగిస వీపు, నక్క వీపు తప్ప మరేమీ కనబడదు. జంతువు కంటికి సమంగా కెమెరా కన్ను ఉన్నప్పుడే ముఖం దొరుకుతుంది. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ సూటిగా తగలకుండా ఉత్తర దిక్కుకు తిప్పాను.

ఈ కెమెరాలో ఉన్నది వేడిని గమనించే సెన్సర్. దాని ఎదుట ఉన్న ప్రదేశం కొన్ని గళ్ళుగా విభజించినట్టుగా ఉంటుంది. చుట్టూ ఉన్న వేడికి భిన్నమైన వేడి గలది ఏదైనా ఒక గడి నుంచి మరో గడికి కదిలితే సెన్సర్ మేల్కొని ఫొటో తీస్తుంది. అంటే దానికి కావలసినవి రెండు: వేడిలో తేడా, కదలిక. ఒకసారి మేల్కొంటే మూడు ఫొటోలు తీసేలా అమర్చాను.

తాత ఇదంతా ఓపికగా చూసి, ఒక తాటిమట్ట తీసుకుని తొట్టి చుట్టూ రెండు మీటర్ల మేర ఎర్ర ఇసుకను చదునుగా ఊడ్చాడు. ఎవరు వచ్చారో పొద్దున్నే అదే చెబుతుందన్నాడు. ప్రతి సాయంత్రం ఊడ్చి, ప్రతి ఉదయం చూసిన జాడలను పాత క్యాలెండరు వెనుక గుర్తు పెట్టమని అడిగాను. తాతకు చదువు రాదు కనుక నక్కకు ఒక గీత, ముంగిసకు రెండు గీతలు, పక్షులకు చుక్క అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

ఏప్రిల్ 14

కార్డులో 2,145 ఫొటోలు ఉన్నాయి. సెన్సర్ 715 సార్లు మేల్కొంటే, అందులో జంతువు ఉన్నవి పంతొమ్మిది. మిగిలినవన్నీ జీడి ఆకులు.

కారణం తెలుసుకోవడం కష్టం కాలేదు. మధ్యాహ్నం పదకొండు దాటగానే సముద్రపు గాలి లేస్తుంది. ఎండలో కాగిన ఒక వేలాడే కొమ్మ కెమెరాకు మీటరు దూరంలో అటూ ఇటూ ఊగుతుంటే, సెన్సర్ లెక్కలో అది వేడి గల పెద్ద జంతువే. ఆ కొమ్మ నరికి, ముందున్న గడ్డి పీకి, సున్నితత్వాన్ని ఒక మెట్టు తగ్గించాను.

రెండో సంగతి నాకు అసలు తట్టనిది. జీడిచెట్ల మీద ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. చెట్టుకు నేను చుట్టిన పట్టీని అవి దారి చేసుకుని, కెమెరా వెనుక పలకకు, చెట్టు బెరడుకు మధ్య ఉన్న సందులో చేరాయి. పలక తెరవగానే మోచేతి దాకా పాకాయి. చేతికి మంట, కార్డు నేల మీద. ఇక చెట్టును వదిలేసి, ఒక ఇనుప ఊచ పాతి, దాని మొదట్లో గ్రీజు పూసి, కెమెరాను దానికి బిగించాను. ఉప్పుగాలికి బ్యాటరీల పలకల మీద అప్పుడే పచ్చటి చిలుము కనిపించింది. తుడిచి, వాజలీను పలుచగా రాసి, తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి లోపల వేశాను. సముద్రానికి ఇంత దగ్గరలో కెమెరా పెట్టేవారు మొదటి రోజే చేయవలసిన పని ఇది.

ఏప్రిల్ 21

ఈ వారం 216 ఫొటోలే ఉన్నాయి, కానీ వాటిలో రాత్రివి బాగున్నాయి. మంగళవారం రాత్రి రెండు దాటాక పునుగుపిల్లి వచ్చింది: తోక మీద కట్లు, వీపు పొడవునా వరుసలుగా చుక్కలు నలుపు తెలుపు చిత్రంలో స్పష్టంగా ఉన్నాయి. కట్లు లేని నిండు తోకతో, కళ్ళ చుట్టూ ముసుగులాంటి నల్లని మచ్చతో గురువారం వచ్చినది మానుపిల్లి. ఈ రెండింటినీ మా వైపు ఒకే పేరుతో పిలిచేవారు చాలామంది ఉన్నారు. పక్కపక్కన పెట్టి చూపితే తాత కూడా తలూపాడు.

నక్క విషయంలో కొంత తేల్చుకోవలసి వచ్చింది. నక్కకూ గుంటనక్కకూ తోక చివర నల్లగానే ఉంటుంది, రాత్రి చిత్రంలో ఒళ్ళు రంగు తెలియదు. అప్పుడు తొట్టి అంచు కొలబద్దగా పనికొచ్చింది. 75 సెంటీమీటర్ల తొట్టి పక్కన అడ్డంగా నిలబడిన జంతువు మూతి నుంచి తోక మొదలు దాకా దాదాపు అంతే పొడవు ఉంది. గుంటనక్క అంతకంటే బాగా చిన్నది, చెవులు పెద్దవి. కనుక ఇది నక్కే.

అయితే ఆ నక్క తాగకుండానే వెళ్ళిపోయింది. మూడు ఫొటోల్లోనూ అది కెమెరా వైపే చూస్తోంది. నా కెమెరా చీకట్లో వెలిగించే పరారుణ దీపాల తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లు. మన కంటికి కూడా సన్నని ఎర్ర మెరుపుగా తెలిసే వెలుతురు అది, నక్కకు తెలియకుండా ఎలా ఉంటుంది! 940 నానోమీటర్ల దీపాలుంటే ఆ మెరుపు కనబడదు గానీ, వెలుగు అంత దూరం పారదు. కొత్త కెమెరా కొనే ఉద్దేశం లేక, దీపాల మీద పలుచని తెల్ల టేపు ఒక పొర అంటించాను. దగ్గరి రాళ్ళు తెల్లగా మాడిపోకుండా ఉండడానికి కూడా ఇది పనికొస్తుంది.

ఆ మాటకొస్తే తొలితరం వారితో పోలిస్తే మనం జంతువులను బెదరగొడుతున్నది చాలా తక్కువ. జార్జ్ షైరాస్ అనే అమెరికా న్యాయవాది పందొమ్మిదో శతాబ్దం చివర్లో సరస్సుల ఒడ్డున జింకలను రాత్రిపూట మెరుపు పొడి పేల్చి ఫొటోలు తీశాడు, దారికి అడ్డంగా కట్టిన తీగను జంతువే తగిలి తన బొమ్మ తాను తీసుకునే పద్ధతినీ వాడాడు. ఆయన తీసినవి 74 ఫొటోలు 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అచ్చయ్యాయి. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ 1920లలో అదే తీగ పద్ధతితో పులులను ఫొటోలు తీశాడు. ఒక పేలుడు, ఒక ఫొటో, ఆ రాత్రికి అంతే.

కార్డు చూడడం అయ్యాక తాత క్యాలెండరు తెచ్చాడు. నక్క గీతలు నాలుగు రాత్రుల్లో ఉన్నాయి. నా కార్డులో ఒక్క రాత్రే ఉంది. "మీ పెట్టె పడుకున్నాది బాబూ, నక్క వచ్చి ఎల్లిపోనాది" అన్నాడు. కుక్క అడుగేమోనని నేను వాదించబోయాను. ఆ రోజు ఉదయపు జాడ ఇంకా చెరగలేదు. దగ్గరకు తీసుకెళ్ళి చూపించాడు. అడుగు సన్నగా, పొడవుగా ఉంది, ముందు కాలి నడిమి రెండు వేళ్ళ మెత్తలు వెనుక వైపు కలిసిపోయి ఉన్నాయి, అడుగులన్నీ తాడు పరచినట్టు ఒకే వరుసలో పడ్డాయి. కుక్క ఇలా నడవదు. నేను ఇంటికి వచ్చి పుస్తకం తీసి చూస్తే తాత చెప్పిందే ఉంది.

ఏప్రిల్ 28

తప్పు సగం నాదే. సున్నితత్వం తగ్గించిన రోజునే కెమెరాను కొద్దిగా కిందికి వంచాను, తొట్టికి అవతలి అంచు సెన్సర్ గళ్ళకు పైన పడింది. అవతలి వైపు నుంచి వచ్చి తాగి అటే వెళ్ళిన జంతువు దానికి తగలలేదు. తొట్టి చుట్టూ నేను స్వయంగా నాలుగు కాళ్ళ మీద పాకుతూ, సెన్సర్ కదలికను పసిగడితే వెలిగే కెమెరా పరీక్ష దీపం ఎక్కడెక్కడ వెలుగుతుందో తాత చేత చెప్పించుకుంటూ కోణం సరిచేశాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండవలసింది.

ఈ వారం మరో తలనొప్పి ఊరకుక్కలు. మూడు కుక్కలు రోజూ వస్తున్నాయి, ఒకటి తొట్టిలోనే పడుకుని ఉంది. కుక్కలు తిరిగిన చోటికి కుందేళ్ళు, కౌజులు రావు, పైగా కుక్కల రోగాలు అదే నీటి ద్వారా నక్కలకు అంటుకునే ప్రమాదం ఉంది. ముళ్ళకంప వేస్తే నక్కకూ దారి పోతుంది. కుక్కలు మనుషుల బాట వెంట తిరుగుతాయి కనుక, తొట్టినే బాటకు దూరంగా, తోట లోపలి మూలకు దొర్లించుకుంటూ తీసుకెళ్ళాం.

నీటి లెక్క కూడా ఇక్కడ రాస్తాను. తొట్టి పక్కనే ఒక పళ్ళెంలో నీరు పోసి, ఏదీ తాగకుండా జాలీ మూసి ఉంచాను. అందులో రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీరు తగ్గింది; తొట్టి వెడల్పుకు అది మూడు లీటర్లకు పైమాట. అంటే నేను పోస్తున్న ఐదారు లీటర్లలో సగానికి పైగా ఆకాశమే తాగుతోంది. దోమలు పెరగకుండా నాలుగో రోజుకు ఒకసారి నీరంతా పారబోసి కొబ్బరి పీచుతో తోమడం తాత వంతు. ఈ ఎండలకు దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కనుక ఈ విషయంలో బద్ధకం పనికిరాదు. బ్లీచింగు మాత్రం వేయవద్దని గట్టిగా చెప్పాను.

మే 5

బ్యాటరీలు మార్చినప్పుడు గడియారం పాత తేదీకి వెళ్ళిపోయిందని ఇప్పుడు తెలిసింది. వారం ఫొటోలన్నీ జనవరి ఒకటో తారీఖు నుంచి మొదలయ్యాయి. అదృష్టం కొద్దీ మొదటి ఫొటోలో నా చేతి గడియారం పడింది, దాన్ని బట్టి లెక్క సరిచేశాను. ఇకపై ప్రతిసారీ వెళ్ళే ముందు సెల్‌ఫోన్ గడియారాన్ని కెమెరాకు చూపించి వెళ్ళాలి. మరొక పాఠం: రీఛార్జి సెల్లులు 1.2 వోల్టులవి, ఎనిమిది కలిపినా రాత్రి దీపాలు మసకగా వెలిగాయి. ఖర్చు ఎక్కువైనా లిథియం సెల్లులే వేశాను.

కోణం సరిచేశాక రాత్రి లెక్కలో నేలా కెమెరా ఒకటయ్యాయి. తాత గీతలు ఏడు, నా చిత్రాలు ఏడు. పగటి లెక్క మాత్రం ఇంకా కలవడం లేదు.

మే 12

పగటి తేడా మీద ఈ ఆదివారమంతా గడిచింది. సాయంత్రం నాలుగింటికి ఊడ్చిన ఇసుక మీద ఆరున్నరకు చూస్తే కౌజుల అడుగులు, ముంగిస ఐదువేళ్ళ అడుగులు, తోక ఈడ్చిన గీతతో ఉడుము జాడ, వంకర్లు తిరిగిన ఒక పాము జాడ ఉన్నాయి. అదే రెండున్నర గంటల్లో కెమెరా తీసింది ఒక్క కాకి.

థర్మామీటరు పట్టుకుని కూర్చుంటే విషయం తేటపడింది. ఎండ తగిలే ఇసుక మిట్టమధ్యాహ్నం యాభై డిగ్రీలు దాటింది. అప్పుడు అక్కడికి వచ్చే జంతువు నేల కంటే చల్లగా ఉంటుంది. సెన్సర్‌కు వేడి ఎక్కువైనా తక్కువైనా ఒకటే, తేడా ఉంటే చాలు. చిక్కంతా ఆ రెండూ సమమయ్యే వేళది. నాలుగు దాటాక జీడిచెట్టు నీడ తొట్టి మీదికి వచ్చేసరికి నేల 37, 38 డిగ్రీలకు దిగింది. ముంగిస ఒంటి వేడి, పక్షి ఈకల మీది వేడి దాదాపు అక్కడే ఉంటాయి. సెన్సర్ కళ్ళ ముందు నుంచి జంతువు నడిచి వెళ్ళినా, దానికది తెల్లగోడ మీద సున్నంతో గీసిన తెల్లగీత. పొద్దున్న తొమ్మిదిన్నర ప్రాంతంలో, నేల కాగుతూ వచ్చే దారిలో, ఇలాంటి గుడ్డివేళ మరొకటి ఉంది. పాము, ఉడుము సంగతి ఇంకా కష్టం. అవి తమ ఒంటి వేడిని చుట్టూ ఉన్న వేడితోనే నడుపుకునే జీవులు కనుక, ఏ వేళనైనా ఈ సెన్సర్‌కు దొరకడం వాటి దయ.

నాలుగు వారాలుగా నేను "మధ్యాహ్నం ఏమీ రావు" అని అందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం మూడున్నర నుంచి ఆరున్నర దాకా సెన్సర్‌తో పని లేకుండా నిమిషానికి ఒక ఫొటో తీసేలా అమర్చి వచ్చాను.

మే 19

రోజుకు 180 చొప్పున ఏడు రోజులకు 1,260 ఫొటోలు. అన్నీ చూడడానికి రెండు రాత్రులు పట్టింది, కానీ ఈ వేసవి మొత్తానికి ఇవే విలువైనవి.

కౌజులు రోజూ నాలుగూ నలభై నుంచి ఐదున్నర మధ్య వస్తున్నాయి. బుధవారం తల్లి వెంట ఆరు పిల్లలు వచ్చాయి. తల్లి అంచున నిలబడితే పిల్లలు గరుకు రాయి మీదికెక్కి, నాలుగు నిమిషాల పాటు, అంటే నాలుగు ఫొటోల్లో, అక్కడే ఉన్నాయి. ఉడుము రెండుసార్లు వచ్చింది, రెండోసారి తొట్టిలో నడుము దాకా దిగి పదకొండు నిమిషాలు కదలకుండా ఉంది. అది ఉన్నంతసేపూ పిగిలిపిట్టలు కొమ్మ మీదే వరుసగా కూర్చున్నాయి. జెర్రిపోతు ఒకసారి, నీటికి ఆనించిన తల మాత్రమే పడింది. శుక్రవారం నాలుగూ యాభైకి నెమలి, దాని వెనుక ఫొటోలోనే ముంగిస. ఈ జీవుల్లో ఒక్కటైనా సెన్సర్ తీసిన చిత్రాల్లో లేదు.

నిమిషానికొక ఫొటో పద్ధతికి ఒక లోపం ఉంది: చటుక్కున వచ్చి రెక్క తడుపుకుని పోయే పిట్ట నిమిషాల మధ్య సందులో జారిపోతుంది. తాత క్యాలెండరులో చుక్కలు ఇప్పటికీ నా లెక్క కంటే ఎక్కువే. మూడింటినీ కలిపి చదువుకోవాలి, ఏ ఒక్కటీ పూర్తి లెక్క కాదు.

మే 26

ఈ వారం ఫొటోల గురించి రాయను. మంగళవారం తాత ఫోన్ చేశాడు. తొట్టికి అరవై మీటర్ల దూరంలో, కంచె కింద నక్కలు దూరే సందులో, మోటారుసైకిలు క్లచ్ తీగతో ఎవరో ఉచ్చు వేశారు. సెలవు పెట్టి వెళ్ళాను. ఏదీ చిక్కుకోలేదు. అటవీశాఖ వారికి చెబితే వచ్చి చూసి, తీగను తీసుకువెళ్ళారు.

ఉచ్చు అడవిపంది కోసం వేసి ఉంటారని తాత అన్నాడు. కావచ్చు, తీగకు పందీ నక్కా అన్న తేడా తెలియదు. నాకు మాత్రం తొట్టి మీదికే పోయింది మనసు. నేను చెదురుమదురుగా తిరిగే జంతువులను ఒక చోటికి, ఒక వేళకు అలవాటు చేశాను. ఆ చోటు తెలిసిన మనిషికి వేట ఎంత సులువో నేనెందుకు ముందు ఆలోచించలేదు? పునుగుపిల్లి ఫొటోను నేను ఇద్దరు ముగ్గురికి ఫోన్లో పంపాను, చోటు కూడా చెప్పాను. వారిలో ఎవరైనా అని అనడం లేదు. చెప్పకుండా ఉండవలసింది.

ఎండలు ముదిరి ఉన్న ఈ పది రోజుల్లో నీరు ఆపేయడం సబబు కాదనిపించి, తొట్టిని తాత గుడిసెకు నలభై మీటర్ల దూరానికి, ఆయన మంచం మీద నుంచి కనిపించే చోటికి మార్చాం. వచ్చే జంతువులు తగ్గుతాయి. తగ్గనీ.

జూన్ 2

తగ్గాయి. మానుపిల్లి ఒకసారి, నక్క రెండుసార్లు. ముళ్ళపంది మాత్రం గుడిసెను లెక్కచేయకుండా మూడు రాత్రులు వచ్చింది. ఇసుక మీద దాని ముళ్ళు ఈడ్చిన సన్నని గీతలు తాత నాకు ముందే చూపించాడు.

పగలు పక్షుల కోసం ఒక చిన్న ప్రయోగం చేశాను. మందుల షాపులో కొన్న కొత్త సెలైన్ గొట్టాన్ని ఇరవై లీటర్ల డబ్బాకు తగిలించి, కొమ్మ మీద నుంచి తొట్టిలోకి చుక్కలు పడేలా వదిలాను. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్కన, నిమిషానికి ముప్ఫై చుక్కలంటే రోజుకు రెండు లీటర్ల పైచిలుకు. డబ్బాలో మట్టం దిగేకొద్దీ చుక్కల వేగం తగ్గుతుంది కనుక రోజూ మర సవరించాలి. ఎండ తగిలితే గొట్టంలో పాచి పడుతుంది కనుక నల్లగుడ్డ చుట్టాలి. నిలిచిన నీటి కంటే చుక్క పడే చప్పుడుకు పిట్టలు త్వరగా వస్తాయని విన్నది నిజమే. గంటలోపే గోరింకలు, పిగిలిపిట్టలు దిగాయి.

జూన్ 16

పది రోజులుగా వానలు. గెడ్డలో మడుగులు కట్టాయి. ఎర్ర ఇసుక తడిసి పైన పెచ్చు కట్టడంతో తాత ఊడ్చిన చోట జాడలు పడడం లేదు, క్యాలెండరు వెనుక ఈ వారం ఖాళీ.

కార్డులో ఎనిమిది రాత్రుల్లో రెండే రాకపోకలు ఉన్నాయి. రెండూ నక్కవే, రెండుసార్లూ అది తొట్టికి మూడడుగుల దూరం నుంచి తల తిప్పకుండా నడిచిపోయింది. తొట్టిలో ఆకులు రాలి నీరు గోధుమరంగుకు తిరిగింది. కెమెరా విప్పి, సెల్లులు తీసి, పలకలు తుడిచి సంచిలో పెట్టాను. తొట్టిని నీరు నిలవకుండా బోర్లించి, అడుగున తేళ్ళు చేరకుండా అంచు చుట్టూ ఇసుక కప్పమని తాతకు చెప్పి, ఆయన క్యాలెండరు అడిగి తీసుకున్నాను. వచ్చే మార్చికి ఇంకొకటి కావాలన్నాడు, అంకెలు పెద్దవిగా ఉన్నది.